‘ఇక్కడేం లేదు’ అని చెప్పే కుక్క

నిజం చెప్పేస్తా. నేను గోల్ఫ్ ఆడటానికి వెళ్లింది శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు ఎగ్గొట్టొచ్చని.

మొన్న అక్టోబర్‌లో మా మేనేజర్ ఒక మెయిల్ పెట్టాడు. మేముండేది వర్జీనియాలో. ‘చారిటీ గోల్ఫ్ టోర్నమెంట్ ఉంది. మన కంపెనీ ఒక టీమ్‌కి డబ్బు కట్టింది. నలుగురు కావాలి. ఆట రాకపోయినా పర్లేదు’ అన్నది దాని సారాంశం. ఆ చివరి ముక్క చదవగానే చెయ్యెత్తేశా. నాతో పాటు మా గుంటూరు అన్న, టెస్టింగ్‌లో పనిచేసే గుజరాతీ అమ్మాయి, మేనేజర్. నలుగురిలో గోల్ఫ్ వచ్చింది మేనేజర్‌కి ఒక్కడికే.

వసూలైన డబ్బు దేనికి పోతుందో మెయిల్ కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదవలేదు. ఏ యాప్ పెట్టినా షరతులు చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కే జాతి కదా మనది!

క్లబ్ గేటు దగ్గర బ్యానర్ చూశాకే తెలిసింది. మందుపాతరలను వాసన చూసి పసిగట్టే కుక్కల కోసమట ఈ విరాళాలు. బ్యానర్ మీద ఎండిన నేల, వరసగా ఎర్ర రంగు పుల్లలు, వాటి మధ్య నాలుక బయటపెట్టి బుద్ధిగా కూర్చున్న ఒక కుక్క.

ఆ ఫొటో ముందు నేను కాస్త ఎక్కువసేపే నిలబడ్డా. ఎందుకో తర్వాత చెప్తా.

పది డాలర్లకు ఇంకో ఛాన్స్

గోల్ఫ్ చారిటీ ఎలా నడుస్తుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నాకూ తెలీదు. మైదానంలో 18 గుంతలు. ఒక్కో గుంత దగ్గర ఒక్కో టీమ్ నిలబడుతుంది. హారన్ కొట్టగానే అందరూ ఒకేసారి మొదలుపెడతారు. మాలాంటి చేతకానివాళ్ల కోసం ‘స్క్రాంబుల్’ అని ఒక పద్ధతి ఉంది. నలుగురూ కొడతారు, నాలుగింటిలో మంచి దెబ్బ ఏదో చూసి అందరూ అక్కణ్నుంచే మళ్లీ కొడతారు. అంటే మా మేనేజర్ కొడతాడు, మేం ముగ్గురం చప్పట్లు కొడతాం.

డబ్బు మాత్రం అడుగడుగునా వసూలవుతుంది. టీమ్ ఎంట్రీ ఫీజు వేరు. ప్రతి గుంత పక్కన ఏదో ఒక కంపెనీ బోర్డు, ఆ బోర్డుకి వేరే డబ్బు. అందరికంటే దూరం కొడితే బహుమతి, లక్కీ డ్రా, సాయంత్రం భోజనాల దగ్గర వేలం. ఇవికాక ‘ముల్లిగన్’ అని ఒక టికెట్ అమ్ముతారు. పది డాలర్లు. దెబ్బ సరిగ్గా పడకపోతే ఆ టికెట్ ఇచ్చి అదే చోటు నుంచి మళ్లీ కొట్టొచ్చు. తప్పు జరగనట్టే లెక్క.

ఇదంతా చూస్తుంటే నాకు లోపల కొంచెం చిరాకేసింది. పచ్చటి గడ్డి, తెల్ల బూట్లు, చల్లటి డ్రింకులు. పేరేమో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లది. “అన్నా, ఇదంతా ఎందుకు? నేరుగా చెక్ రాసి పంపొచ్చుగా?” అని అడిగా.

అన్న నవ్వాడు. “తమ్ముడూ, మనూళ్లో గుడికి చందా అడిగితే వంద చేతిలో పెట్టి పంపిస్తారు. అదే అన్నదానం పెట్టి మైకులో పేరు చదువుతామను, ఐదువేలు పలుకుతుంది. మనుషులు ఎక్కడైనా ఒకటే. డబ్బు సరైన చోటికి పోతోందా లేదా, అది చూడు.”

సరే, చూద్దామనుకున్నా.

ముక్కు ఏం చేస్తుంది?

ఆట మొదలయ్యే ముందు కుక్కతో ఒక డెమో ఇచ్చారు. నల్ల లాబ్రడార్. దాన్ని నడిపించే ఆవిడ వయసు యాభై దాటి ఉంటుంది. గడ్డిలో వరసగా పదో పన్నెండో ఒకేలాంటి డబ్బాలు పెట్టారు. ఒక్కదాంట్లోనే పేలుడు పదార్థం వాసన ఉన్న శాంపిల్ ఉంది. కుక్క ముక్కు నేలకానించి ఒక్కో డబ్బా దాటుకుంటూ పోయింది. ఎనిమిదో డబ్బా దగ్గర ఆగింది. మొరగలేదు, గోకలేదు. కూర్చుంది. ఆవిడ రబ్బరు బొమ్మ విసిరింది. అది ఎగిరి అందుకుంది. జనం చప్పట్లు.

“కుక్కకి ఇది బాంబని తెలీదు. ఈ వాసన దొరికితే బొమ్మ దొరుకుతుందని మాత్రమే తెలుసు” అందావిడ. అక్కడే ఆడుకోవడానికీ అసలు పనికీ మధ్య కుక్కకి తేడా లేదు. తేడా అంతా మనకే.

మరి మెటల్ డిటెక్టర్ ఉండగా కుక్క ఎందుకు? నాకూ ఇదే డౌట్ వచ్చింది. జవాబు మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది: ఫాల్స్ అలారమ్స్. డిటెక్టర్ వెతికేది లోహాన్ని. యుద్ధం జరిగిన నేలలో లోహానికేం కొదవ? తూటా గుళ్లు, మేకులు, డబ్బా మూతలు, వైరు ముక్కలు. ప్రతిదానికీ అది కూస్తుంది. కూసిన ప్రతిసారీ అది మందుపాతరే అనుకుని మనిషి మోకాళ్ల మీద కూర్చుని మట్టిని పక్కనుంచి జాగ్రత్తగా తవ్వాలి. ఇక ప్లాస్టిక్‌తో చేసిన మందుపాతరల్లో లోహం పేరుకే ఉంటుంది. వాటి దగ్గర డిటెక్టర్ తడబడుతుంది. కుక్క లోహాన్ని పట్టించుకోదు. అది వెతికేది పేలుడు పదార్థం వాసనని. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 60 లక్షలైతే, కుక్కకి 30 కోట్ల వరకూ ఉంటాయంటారు.

అలాగని కుక్కేం మంత్రగత్తె కాదు. ఎండ ముదిరితే అలిసిపోతుంది. గాలి ఎక్కువైతే వాసన చెదిరిపోతుంది. గడ్డి ఏపుగా పెరిగినచోట పని సాగదు. అందుకే ఎక్కువగా పొద్దున చల్లపూట పని. నేలని వరసలుగా, చదరాలుగా విడగొట్టి, తాడు కట్టిన కుక్కని ఒక్కో వరసలో నడిపిస్తారు. చాలాచోట్ల ఒక కుక్క చూసిన వరసని రెండో కుక్క మళ్లీ చూస్తుంది. రెండూ ఓకే అంటేనే ఆ నేల ఓకే. మన కోడ్‌కి రెండు అప్రూవల్స్ ఉన్నట్టే.

అఫ్గానిస్తాన్, కంబోడియా, బోస్నియా, అంగోలా, ఇరాక్... ఇలా ఎన్నో దేశాల్లో ఈ కుక్కలు పనిచేశాయి. ఉక్రెయిన్‌లో పాట్రన్ అనే చిన్న జాక్ రస్సెల్ కుక్కకి 2022లో అధ్యక్షుడు జెలెన్‌స్కీ పతకం ఇచ్చాడు. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. కంబోడియాలో మగావా అనే ఎలుక ఇదే పనిచేసి 2020లో బంగారు పతకం గెలుచుకుంది. ఎలుకే, నిజంగా!

ఇంత కష్టం ఎందుకంటే, పాతడం చాలా తేలిక కాబట్టి. ఐక్యరాజ్యసమితి ఏళ్లుగా చెబుతున్న లెక్క ఒకటుంది. ఒక మందుపాతర తయారీకి 3 డాలర్లు చాలు. అదే దాన్ని వెతికి తీసేయాలంటే 300 నుంచి 1000 డాలర్లు. మొజాంబిక్‌లో యుద్ధం 1992లో ముగిసింది. దేశంలో తెలిసిన మందుపాతరలన్నీ తీసేశామని వాళ్లు ప్రకటించుకుంది 2015లో. అంటే 23 ఏళ్లు. యుద్ధం ఆగిన రోజు పుట్టినవాళ్లు డిగ్రీ కూడా పూర్తిచేసేస్తారు!

‘ల్యాండ్‌మైన్ మానిటర్’ నివేదిక ప్రకారం 2023 ఒక్క ఏడాదిలోనే మందుపాతరలు, పేలకుండా మిగిలిపోయిన బాంబుల వల్ల చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కనీసం 5,757 మంది. వాళ్లలో నూటికి 84 మంది మామూలు జనం. అంటే సైనికులు కాదు. పొలానికి, బడికి, కట్టెలకి పోయేవాళ్లు. వీటిని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 1997లోనే వచ్చింది. నేను పుట్టిన దేశం, నేను గోల్ఫ్ ఆడుతున్న దేశం... రెండూ దానిలో చేరలేదు.

బంతి పోయిన చోట

ఇక ఆట సంగతి. చిన్నప్పుడు చిర్రగోనె ఆడిన అనుభవంతో బలంగా ఊపా. బంతి ముందుకి పోలేదు, కుడిపక్క చెట్లలోకి దూరింది. “వదిలేయ్, ఇంకోటి తీసుకో” అని మేనేజర్ అంటున్నా వినకుండా వెతకడానికి పోయా. ఎండుటాకులు మోకాలి కింద దాకా ఉన్నాయి. కాళ్లతో నెట్టుకుంటూ లోపలికి నడుస్తున్నా.

నాలుగు అడుగులేశాక ఆగిపోయా. నేను కిందికి చూడకుండా నడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

బ్యానర్ దగ్గర ఎందుకు నిలబడ్డానో చెప్తానన్నాను కదా. మా అమ్మమ్మవాళ్లది ములుగు జిల్లా, వెంకటాపురం వైపు. ఇంటి వెనక నుంచి చూస్తే గుట్టలు. వేసవి సెలవులంటే నాకు ఆ గుట్టలే. మార్చిలో తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడం, ఆ తర్వాత తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట. కల్లం దగ్గర కట్టలు లెక్కబెట్టేటప్పుడు మా మేనమామ నన్నే పిలిచేవాడు, “మా అల్లుడు ఇంజనీరు, లెక్క తప్పడు” అని. అప్పటికి నేను ఆరో తరగతి. ఆకు ఉండేది కొన్ని వారాలే. కానీ పిల్లల బట్టలు, పుస్తకాలు, విత్తనాలు, పాత అప్పులో కొంత... ఆ వారాల మీదే నడిచేవి.

రెండేళ్ల కిందట వేసవిలో మామ జోడెడ్లలో ఒకటి మేస్తూ గుట్ట దారిలో కొంచెం పైకి పోయింది. ప్రెజర్ బాంబు మీద కాలేసింది. ఆ చప్పుడు ఊరంతా వినపడిందట. మనుషులెవరికీ ఏం కాలేదు కాబట్టి ఆ వార్త ఏ పేపర్లోనూ రాలేదు. ఆ బాంబు ఎవరు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో ఊళ్లో అందరికీ తెలుసు. ఎన్ని పెట్టారో ఎవరికీ తెలీదు.

ఆ రోజు నుంచి ఆ దారిలో ఎవరూ పోలేదు. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల మీద బాంబులు పెట్టాం, అటు రావద్దని మావోయిస్టుల పేరుతో లేఖ వచ్చింది. అంతకుముందు భయం ఒక్క దారి మీదే. ఆ కాగితం తర్వాత కనిపించే గుట్ట మీదల్లా భయమే. ఆ ఏడాది మా మామ ఒక్క కట్ట ఆకు కూడా కట్టలేదు. ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట అంది: “ఆ గుట్ట ఇంక మనది కాదనుకో నాయనా.”

అదే నెలలో బలగాలు కర్రెగుట్టల్లోకి వెళ్లాయి. సీఆర్పీఎఫ్ వాళ్లతో పాటు రోలో అనే కుక్క కూడా వెళ్లింది. బెల్జియన్ షెపర్డ్ జాతి ఆడకుక్క, వయసు రెండేళ్లు. పేలుడు పదార్థాలు పసిగట్టడంలో శిక్షణ పొందింది. దాన్ని బాంబులేం చేయలేదు. గుట్ట మీద తేనెటీగల గుంపు కుట్టి చంపేసింది. దాదాపు 200 కాట్లు. ఆ వార్త చదివిన రోజు నాకు అర్థమైంది, మా ఊరి గుట్టలకీ ఇలాంటి కుక్క ఒకటి వచ్చిందని. వచ్చిందని తెలిసేసరికే అది లేదు.

ఇవన్నీ గుర్తొచ్చి ఆ చెట్లలో నిలబడిపోయా. చేతిలో ఇంకా గోల్ఫ్ కర్ర ఉంది. జేబులో పది డాలర్ల ముల్లిగన్ టికెట్ ఉంది. ఇక్కడ తప్పటడుగుకి రెండో ఛాన్స్ ఉంది, అక్కడ లేదు. బంతి దొరకలేదు. వచ్చేశా.

కూర్చోని రోజు

సాయంత్రం భోజనాల దగ్గర ఆ కుక్క ఆవిడ మా టేబుల్ పక్కనే కూర్చుంది. లాబ్రడార్ కుర్చీ కింద నిద్రపోతోంది. ఆవిడ చాలా ఏళ్లు బయటి దేశాల్లో ఈ పని చేసి వచ్చిందట. ధైర్యం చేసి అడిగా, “రోజంతా తిప్పినా ఏమీ దొరకని రోజులు ఉంటాయా?”

“ఎక్కువ అవే” అంది.

“మరి విసుగు రాదా?”

“నాకు రాదు, దానికి వస్తుంది” అని కుర్చీ కిందికి చూపించింది. “రోజంతా ఏం దొరక్కపోతే కుక్క డీలా పడిపోతుంది. అందుకని పని అయ్యాక, సేఫ్‌గా ఉన్నచోట మేమే ఒక శాంపిల్ దాస్తాం. అది వెతికి కూర్చుంటుంది. బొమ్మ ఇస్తాం. సంతోషంగా పడుకుంటుంది.”

తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక నా బుర్రలో ఏదో సర్దుకుంది. ఇక్కడ మందుపాతరలు ఉండొచ్చు అని జనం వదిలేసిన నేలలో చాలా భాగం చివరికి ఖాళీ అనే తేలుతుందట. ఒక మూల రెండు పాతితే చాలు, చుట్టూ ఎకరాలకి ఎకరాలు బీడు పడిపోతాయి. బాంబు ఉండేది జానెడు చోట్లో. భయం ఉండేది ఊరంతా. ఫొటోల్లో కుక్క కూర్చున్న క్షణమే ఉంటుంది, కానీ దాని పనిలో పెద్ద భాగం కూర్చోకుండా నడుచుకుంటూ పోవడం. అది కూర్చోకుండా దాటిన ప్రతి అడుగూ ఎవరికో తిరిగి వచ్చిన నేల.

మా టెస్టింగ్ అమ్మాయి ఇదంతా వింటోంది. “నాదీ ఇదే బతుకు” అంది. “బగ్ దొరికితే పది మెయిల్స్. రెండు వారాలు వెతికి ఏం లేదని చెప్తే ఒక్కరు కూడా థాంక్స్ చెప్పరు.” అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వి, “తేడా ఏంటంటే, నేను ఏం లేదని చెప్పాక ఆ నేల మీద మొదట నడిచేది నేనే” అంది. శుభ్రం చేసిన నేలని అప్పగించేటప్పుడు, పనిచేసినవాళ్లే దాని మీద నడిచి చూపించే అలవాటు చాలాచోట్ల ఉంది. కాగితం మీద సంతకం కంటే రైతులు నమ్మేది అదే.

కాసేపటికి మైకులో మొత్తం ప్రకటించారు. ఒక కుక్క శిక్షణకి సరిపోయి ఇంకొంత మిగులుతుందట. ఈసారి నేను కూడా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టా. తెల్ల బూట్ల మీద చిరాకు ఎప్పుడు పోయిందో తెలీదు. వాళ్లు సరదాగా గడిపారా? గడిపారు. అయితే ఏంటి? ఎక్కడో ఒకడు తన పొలంలోకి కిందికి చూడకుండా నడుస్తాడు. అన్న అడగమన్న ప్రశ్నకి జవాబు అదే.

మామ అడిగింది

మర్నాడు పొద్దున మామకి ఫోన్ చేశా. అక్కడ సాయంత్రం. డబ్బాల సంగతి, ఎనిమిదో డబ్బా దగ్గర కుక్క కూర్చున్న సంగతి, రబ్బరు బొమ్మ సంగతి అన్నీ చెప్పా. మామ మధ్యలో ఆపకుండా విన్నాడు. చివర్లో అడిగాడు:

“ఆ కుక్క మన గుట్టకొస్తదా అల్లుడూ?”

రాదు మామా అని చెప్పా. ఆ డబ్బు వేరే దేశాలకి పోతుంది. మన దగ్గర ఈ పని చేసేది పోలీసులు, బలగాలే. వాళ్ల కుక్కలు ముందు వాళ్లు నడిచే దారుల్లోనే నడుస్తాయి. వాళ్ల ప్రాణాలూ ప్రాణాలే కదా. ఆకు కోసుకునేవాళ్ల దారి తర్వాత.

“పైనంతా చూడొద్దు లే. కింద దారి, చెరువు పక్క దారి, ఆ రెండే” అన్నాడు మామ. “బాంబులు దొరకాలని కూడా ఏం లేదు. ఒచ్చి వాసన చూసి, ఏం లేదని చెప్పి పొమ్మను. ఆకు మేం కోసుకుంటం.”

యాభై దాటిన ఆ ట్రెయినర్ చెప్తే నాకు కొత్తగా అనిపించిన మాట, తునికాకు కోసే మా మామకి ముందే తెలుసు. తెలియక కాదు, అడగడానికి ఎవరూ దొరక్క ఊరుకున్నాడు.

అందుకే ఈ వారం నేను చేసిన పని ఇదొక్కటే. మామతో, ఊళ్లో ఇంకో ఇరవై మందితో ఒక అర్జీ రాయించా. ఫలానా రెండు దారులు, ఫలానా చెట్టు నుంచి ఫలానా చెరువు దాకా, తనిఖీ చేసి ఉందో లేదో చెప్పండి అని. మ్యాప్ నేనే గీశా, ఫోన్లో. చిన్నప్పుడు నడిచిన దారి కదా, గుర్తుంది. సోమవారం మామ దాన్ని ఇచ్చి రసీదు తీసుకున్నాడు. రసీదు ఫొటో నాకు వాట్సాప్ చేశాడు, వంకరగా, సగం వేలు అడ్డం పెట్టి.

ఏమవుతుందో చూడాలి. ఆకు అయితే ఏప్రిల్‌కి వచ్చేస్తుంది. ఈలోగా జవాబు వస్తే ఇక్కడే చెప్తా. రాకపోయినా చెప్తా.

వచ్చే వారం కలుద్దాం.